డొమైన్ అడ్మిన్ అడగకు తమ్ముడూ

పెద్ద పోస్టు ఇది. శనివారం పొద్దున్నే బట్టలు మెషిన్లో వేసి కూర్చుని రాస్తున్నా. సర్వీస్‌నౌ, బీఎంసీ, డివైస్ 42, ఏ డిస్కవరీ టూల్ మీద పని చేసేవాళ్ళైనా సరే, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మీది ఈ పని కాకపోతే, మీ ఫ్రెండ్సులో ఈ పని చేసేవాళ్ళకి పంపండి. కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి.

మొన్న బుధవారం రాత్రి పదిన్నరకి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. మాది ఒకే జిల్లా. ఇక్కడ డాలస్ వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఒకే అపార్ట్‌మెంట్లో ఉన్నాం, నేను వంట, వాడు గిన్నెలు. ఫోన్ ఎత్తగానే "అన్నా, నన్ను ప్రాజెక్ట్ నుంచి తీసేశారు" అన్నాడు. రెండు నిమిషాలు మాట్లాడలేకపోయాడు. నేనూ ఏమీ అనలేదు.

తర్వాత జరిగింది చెప్పాడు. క్లయింట్ దగ్గర డిస్కవరీ సెటప్ వీడి పని. విండోస్ సర్వర్లు స్కాన్ చెయ్యాలంటే అకౌంట్ కావాలి. మొదటి వారంలోనే మెయిల్ పెట్టాడు: డిస్కవరీ కోసం డొమైన్ అడ్మిన్ యాక్సెస్ కావాలి, అర్జెంట్ అని. కొత్త అకౌంట్ తయారుచెయ్యాలంటే క్లయింట్ వాళ్ళ దగ్గర మూడు అప్రూవల్స్. అంత దేనికని వాళ్ళ ఏడీ అడ్మిన్ ఆల్రెడీ ఉన్న బ్యాకప్ సర్వీస్ అకౌంట్ ఇచ్చేశాడు. డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో ఉంది, అన్ని చోట్లా పనిచేస్తుంది. వీడు సంతోషంగా తీసుకున్నాడు. నెల రోజుల్లో డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా. మేనేజర్ కాల్‌లో "గ్రేట్ జాబ్" అన్నాడు.

మూడు నెలలకి ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చారు. బ్యాకప్ టీమ్ వాళ్ళ వైపు మార్చుకున్నారు, వీడికీ కొత్తది పంపారు. వీడు టూల్లో కాపీ పేస్ట్ చేశాడు. చివర ఒక స్పేస్ అదనంగా పడింది. టెస్ట్ చెయ్యలేదు. రాత్రి తొమ్మిదికి షెడ్యూల్ మొదలైంది. టూల్ ఒక్కో సర్వర్ దగ్గరికీ వెళ్ళి ఆ తప్పు పాస్‌వర్డే ఇచ్చుకుంటూ పోయింది. డొమైన్‌లో లాకౌట్ లిమిట్ ఐదు. ఐదు సర్వర్లు దాటకముందే అకౌంట్ లాక్. అదే అకౌంట్ మీద నడిచే బ్యాకప్‌లు మొత్తం ఆగాయి. లాగ్ బ్యాకప్‌లు లేక డేటాబేస్ లాగ్ ఫైళ్ళు పెరిగి పెరిగి తెల్లారేసరికి డిస్క్ నిండింది. ఆర్డర్లు తీసుకునే అప్లికేషన్ పడిపోయింది.

పొద్దున కాల్‌లో ఇరవై మంది. స్క్రీన్ షేర్ మీద ఏం చూపించారో తెలుసా? వీడు పెట్టిన మెయిల్. "డొమైన్ అడ్మిన్ కావాలి, అర్జెంట్." అకౌంట్ పంచిన ఏడీ అడ్మిన్ మాట ఎవరూ ఎత్తలేదు. అప్రూవల్ తప్పించమన్న మేనేజర్ మ్యూట్లో ఉన్నాడు. సాయంత్రానికి వీడి ల్యాప్‌టాప్ లాక్. ఇప్పుడు హెచ్1బీ మీద గరిష్ఠంగా 60 రోజులు. అందులో నాలుగు అయిపోయాయి. భార్య ఏడో నెల.

ఇప్పుడు నేను అనేది ఇది. ఆ క్లయింట్‌ది తప్పే. ఆ మేనేజర్‌ది తప్పే. కానీ ఆ మెయిల్ మనవాడు రాశాడు. ఆ మెయిల్ వాడు సొంతంగా రాసింది కూడా కాదు. పాత ప్రాజెక్ట్ నుంచి తెచ్చుకున్న రిక్వైర్‌మెంట్స్ షీట్లో ఉన్న లైను అది. ఆ షీట్ వాడికి ఇంకో అన్న ఇచ్చాడు. ఆ అన్నకి మరో అన్న. మన వాట్సాప్ గ్రూపుల్లో ఊరేగినన్నాళ్ళు ఊరేగింది. ఆరేళ్ళ కింద ఆ షీట్ నా దగ్గరా ఉండేది. నేనూ ఇద్దరికి ఇచ్చాను. కాబట్టి వేరేవాళ్ళని తిట్టడానికి రాస్తున్నాను అనుకోకండి. నన్నూ కలిపే తిడుతున్నాను.

కరెంటు మీటరు రీడింగు తీసుకునేవాడికి బీరువా తాళం ఇస్తామా? వాడు అడిగితే మనకి అనుమానం రాదా? డిస్కవరీ చేసేది రీడింగే. ఏ సర్వర్ ఉంది, దాని సీరియల్ నంబర్ ఏంటి, ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ ప్రాసెస్ ఏ పోర్ట్ మీద ఎవరితో మాట్లాడుతోంది. చదవడం, రాసుకోవడం, వెళ్ళిపోవడం. దీనికి ఇంటి మొత్తం తాళాల గుత్తి ఎందుకు?

"అన్నా, విండోస్‌లో అడ్మిన్ లేకపోతే డబ్ల్యూఎంఐ పనిచెయ్యదు కదా" అంటారు. నిజమే, మామూలుగా అడ్మిన్ కావాలి. కానీ ఆ సర్వర్ మీద లోకల్ అడ్మిన్ చాలు. లోకల్ అడ్మిన్ వేరు, డొమైన్ అడ్మిన్ వేరు. ఈ తేడా తెలియక కాదు మనం అడిగేది. లోకల్ అడ్మిన్ అంటే గ్రూప్ పాలసీ పని ఉంటుంది, విండోస్ టీమ్‌ని బతిమాలాలి, రెండు వారాలు పడుతుంది. డొమైన్ అడ్మిన్ అయితే ఒక్క టిక్కెట్. ఆ రెండు వారాలు మిగుల్చుకోవడానికి మెడ మీద కత్తి పెట్టుకుంటున్నాం.

సరైన పద్ధతి చెప్తా, రాసిపెట్టుకోండి.

డిస్కవరీ కోసమే ఒక కొత్త అకౌంట్ అడగండి. పేరు చూడగానే డిస్కవరీది అని తెలియాలి. వేరే ఏ పనికీ, ఏ జాబ్‌కీ అది వాడకూడదు. ఏడీలో ఒక గ్రూప్ పెట్టించి అకౌంట్ అందులో వెయ్యండి. గ్రూప్ పాలసీ ద్వారా ఆ గ్రూప్‌ని మెంబర్ సర్వర్లలో లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లో చేర్పించండి. అదే పాలసీలో ఆ గ్రూప్‌కి కన్సోల్ లాగాన్, రిమోట్ డెస్క్‌టాప్ లాగాన్ రెండూ డినై చేయించండి. అప్పుడు ఆ పాస్‌వర్డ్ ఎవడికి దొరికినా కూర్చుని డెస్క్‌టాప్ తెరవలేడు. క్లయింట్ విన్‌ఆర్‌ఎం వాడేవాళ్ళైతే, మైక్రోసాఫ్ట్‌దే జేఈఏ అని ఒకటుంది, జస్ట్ ఎనఫ్ అడ్మినిస్ట్రేషన్. ఏయే కమాండ్లు నడపొచ్చో అవే ఇస్తుంది. టూల్ సపోర్ట్ చేస్తే అడగండి.

డొమైన్ కంట్రోలర్ల సంగతి వేరు. అక్కడ లోకల్ అడ్మిన్ అనేదే ఉండదు, నిజం. కానీ నాలుగు డొమైన్ కంట్రోలర్ల కోసం వెయ్యి సర్వర్ల మీద డొమైన్ అడ్మిన్ తిప్పడం ఏం తెలివి? వాటికి వేరే మిడ్ సర్వర్, వేరే క్రెడెన్షియల్ పెట్టి, ఆ క్రెడెన్షియల్‌ని ఆ ఒక్క మిడ్ సర్వర్‌కే కట్టెయ్యండి. సర్వీస్‌నౌలో క్రెడెన్షియల్ రికార్డ్‌లోనే ఆ ఆప్షన్ ఉంది. సెక్యూరిటీ టీమ్ దానికీ ఒప్పుకోకపోతే ఆ నాలుగూ చేతితో ఎంటర్ చెయ్యండి. నాలుగంటే నాలుగు. కొంపలేం మునగవు.

లినక్స్ వైపు మన అలవాటు ఇంకా దారుణం. రూట్ పాస్‌వర్డ్ ఇవ్వండి అంటాం. ఎందుకు? సీరియల్ నంబర్ కోసం డీఎంఐడీకోడ్ నడపాలి, దానికి రూట్ హక్కు కావాలి. ఏ ప్రాసెస్ ఏ పోర్ట్ మీద ఉందో చూడ్డానికి ఎల్ఎస్ఓఎఫ్ లాంటివి. అంతేగా? మామూలు యూజర్ పెట్టించి, ఆ రెండు మూడు కమాండ్లకి మాత్రం పూర్తి పాత్ ఇచ్చి సుడోలో రాయించండి. పని అయిపోతుంది. లినక్స్ అడ్మిన్ కూడా నిన్ను మనిషిలా చూస్తాడు.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం ఒకటి. నాకు కూడా ఒక సెక్యూరిటీ ఆయన చెప్పేదాకా తట్టలేదు. డిస్కవరీ ఏం చేస్తుంది? నువ్వు ఇచ్చిన రేంజ్‌లో పోర్ట్ తెరిచి ఉన్న ప్రతి ఐపీ దగ్గరికీ వెళ్ళి క్రెడెన్షియల్ ఇస్తుంది. అవతల ఉన్నది సర్వరో, దొంగో దానికి తెలియదు. 22 పోర్ట్ తెరిచి ఉంటే ఎస్ఎస్‌హెచ్ అనుకుని లాగిన్ ట్రై చేస్తుంది. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే ఆ పాస్‌వర్డ్ అవతలి సర్వర్ చేతికే వెళ్తుంది. దారి మధ్యలో ఎన్‌క్రిప్షన్ ఉన్నా, చివర అందుకునేది వాడే. అంటే ఆఫీసులో ఎవడో తన ల్యాప్‌టాప్ మీద ఒక దొంగ ఎస్ఎస్‌హెచ్ సర్వర్ పెట్టుకుని కూర్చుంటే చాలు, రాత్రి తొమ్మిదికి మన టూలే వెళ్ళి పాస్‌వర్డ్ చేతిలో పెట్టి వస్తుంది. ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 2సీ అయితే కమ్యూనిటీ స్ట్రింగ్‌కి ఎన్‌క్రిప్షనే లేదు. విండోస్ అకౌంట్ కూడా దొంగ మెషిన్ దగ్గర లాగిన్ ట్రై చేస్తే, దాంతో వచ్చే ఎన్‌టీఎల్‌ఎం రెస్పాన్స్‌ని వేరే సర్వర్‌కి రిలే చెయ్యొచ్చు, తీరిగ్గా కూర్చుని పాస్‌వర్డ్ క్రాక్ చెయ్యొచ్చు.

ఆ పాస్‌వర్డ్ డొమైన్ అడ్మిన్‌ది అయితే? అదీ నా భయం.

అందుకే లినక్స్‌కి పాస్‌వర్డ్ కాదు, ఎస్ఎస్‌హెచ్ కీ వాడండి. కీ అయితే అవతలివాడికి దొరికేది సంతకమే, కీ దొరకదు. స్విచ్‌లు, రౌటర్లకి ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 3, ఆథెంటికేషన్, ప్రైవసీ రెండూ ఆన్ చేసి, రీడ్ ఓన్లీ. రీడ్ రైట్ స్ట్రింగ్ ఎవరైనా ఇస్తానన్నా వద్దని చెప్పండి. ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లు, వైఫై గెస్ట్ నెట్‌వర్క్ ఉన్న రేంజ్‌ల మీద సర్వర్ క్రెడెన్షియల్స్ తిప్పొద్దు. ల్యాప్‌టాప్‌ల లెక్క కావాలంటే ఇంట్యూన్ నుంచో, ఎస్‌సీసీఎం నుంచో కనెక్టర్‌తో తెచ్చుకోండి. రోజుకో ఐపీ మారే మెషిన్ని ఐపీతో వెతకడమే తప్పు.

క్రెడెన్షియల్ ఆర్డర్ కూడా చూసుకోండి. మన టూల్ ఆ మెషిన్‌కి ఏది పనిచేస్తుందో తెలియనప్పుడు లిస్టులో ఉన్నవన్నీ వరసగా ట్రై చేస్తుంది. ఒకసారి పనిచేసింది గుర్తుపెట్టుకుంటుంది, దాన్నే అఫినిటీ అంటారు. గుర్తున్నది ఫెయిలైతే మళ్ళీ మొదటి నుంచి వరస మొదలు. పది ప్రాజెక్టుల పాత క్రెడెన్షియల్స్ లిస్టులో అలాగే వదిలేస్తే, ఒక్కో సర్వర్‌కి పది తప్పు లాగిన్లు. సెక్యూరిటీ టీమ్ స్క్రీన్ మీద అది అటాక్ లాగే కనిపిస్తుంది. వాళ్ళది తప్పు కాదు, అటాకర్ కూడా అదే చేస్తాడు. అక్కర్లేనివి తీసెయ్యండి. ఉన్నవాటిని మిడ్ సర్వర్ల వారీగా విడగొట్టండి.

పాస్‌వర్డ్ మార్చే రోజు షెడ్యూల్ ఆపండి. కొత్తది ఎక్కించాక ఒక్క సర్వర్ మీద టెస్ట్ క్రెడెన్షియల్ నొక్కండి. పచ్చ వస్తే ఒక్క ఐపీ డిస్కవర్ చెయ్యండి. తర్వాత ఒక చిన్న సబ్‌నెట్. ఆ తర్వాతే షెడ్యూల్. మొత్తం పదిహేను నిమిషాల పని. మా తమ్ముడి ఉద్యోగం ఖరీదు ఈ పదిహేను నిమిషాలు. వీలైతే సైబర్‌ఆర్క్ లాంటి వాల్ట్‌తో కలిపించండి. అప్పుడు పాస్‌వర్డ్ మనం చూడక్కర్లేదు, కాపీ పేస్ట్ అసలే అక్కర్లేదు. మనం చూడని పాస్‌వర్డ్ లీకైందని మనల్ని ఎవరూ అనలేరు కూడా.

ఇక రెండో జబ్బు, నంబర్ల పిచ్చి.

"ఎన్ని సీఐలు వచ్చాయి?" వారం వారం స్టేటస్ కాల్‌లో ఇదే ప్రశ్న. పోయిన వారం 8,000, ఈ వారం 11,000, శభాష్. ఆ మూడు వేలలో ఎన్ని నిజమో ఎవడూ అడగడు. మనమూ చెప్పం. మన ఊళ్ళో ఓటర్ల లిస్టు చూశారుగా? పోయిన తాతగారు ఉంటారు, పెళ్ళై వెళ్ళిన అక్క ఉంటుంది, మన పేరు మాత్రం రెండు చోట్ల ఉంటుంది. మనం చేసే సీఎండీబీ కూడా అంతే. సర్వర్ తీసేసి ఏడాదైనా రికార్డ్ బతికే ఉంటుంది. ఒకే మెషిన్‌కి రెండు నెట్‌వర్క్ కార్డులుంటే రెండు రికార్డులు. కొన్ని మదర్‌బోర్డుల్లో తయారీవాడు సీరియల్ నంబర్ నింపడు, "టు బి ఫిల్డ్ బై ఓఈఎం" అని అలాగే వదిలేస్తాడు. దాన్నే సీరియల్ నంబర్ అనుకుని టూల్ ఒప్పుకుంటే, పది వేరు వేరు మెషిన్లు ఒకే రికార్డులో కలిసిపోతాయి. ఇలాంటి చెత్త సీరియల్స్ లిస్టు పెట్టి ఐడెంటిఫికేషన్‌లో పక్కన పెట్టించాలి. ఎంతమంది చేశాం?

లెక్క ఎందుకు సరిగా ఉండాలో 2021 డిసెంబర్ గుర్తు చేసుకోండి. లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడిన వారం. ప్రతి కంపెనీలో ఒకటే ప్రశ్న: ఇది మన దగ్గర ఎక్కడెక్కడ ఉంది? సీఎండీబీ సరిగా ఉన్నవాళ్ళు ఎక్కడ వెతకాలో తెలుసుకుని మొదలుపెట్టారు. లేనివాళ్ళు క్రిస్మస్ సెలవుల్లో ఎక్సెల్ షీట్లు పట్టుకుని టీమ్ టీమ్‌కీ ఫోన్లు చేశారు. ఆ ఫోన్లు చేసినవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. ఆ రోజు 11,000 అన్న నంబర్ ఎవరికీ అన్నం పెట్టలేదు.

నంబర్ పిచ్చి ఇంకో పని కూడా చేయిస్తుంది. రేంజ్ పెంచడం. "టెన్ డాట్ మొత్తం వేసెయ్, ఏదీ మిస్సవ్వదు" అంటాడు మేనేజర్. టెన్ డాట్ మొత్తం అంటే 1,67,77,216 అడ్రసులు. ఒక స్లాష్ 24 అంటే 256. ఆ రెండింటి మధ్య తేడా ఆలోచించకుండా ఎస్ సార్ అనేస్తాం. అందులో ఏముంటాయో మనకి తెలియదు. ప్రింటర్లు ఉంటాయి. 9100 పోర్ట్‌కి ఏం పంపినా అచ్చు వేసే ప్రింటర్లు ఉన్నాయి కాబట్టే, ఎన్‌మ్యాప్ వెర్షన్ స్కాన్‌లో ఆ పోర్ట్‌ని డిఫాల్ట్‌గా వదిలేస్తుంది. ఆస్పత్రైతే పేషెంట్ పక్కన ఉండే మెషిన్లు ఉంటాయి. ఫ్యాక్టరీ అయితే పీఎల్‌సీలు ఉంటాయి.

భయపెట్టడానికి చెప్పట్లేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ రాసిన ఇండస్ట్రియల్ సెక్యూరిటీ గైడ్ ఉంది, ఎస్‌పీ 800-82. అందులో జరిగిన సంఘటనలు రాశారు. ఒక చోట రోబో చేతులు నడిపే నెట్‌వర్క్‌లో ఉత్త పింగ్ స్వీప్ చేశారు. తొమ్మిది అడుగుల రోబో చెయ్యి ఒకటి తనంతట తాను లేచి 180 డిగ్రీలు తిరిగింది. అదృష్టం, దారిలో మనిషి లేడు. ఇంకో చోట చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో పింగ్ స్వీప్ చేస్తే కంట్రోల్ సిస్టమ్ హ్యాంగై 50,000 డాలర్ల వేఫర్లు పాడయ్యాయి. ఆ స్వీప్ ఎందుకు చేశారో తెలుసా? ఇన్వెంటరీ కోసం. అంటే మనం చేసే పని కోసమే. అప్పుడు వాళ్ళు పాస్‌వర్డ్ కూడా ఇవ్వలేదు, ఉత్త పింగ్.

కాబట్టి రేంజ్ మనం ఊహించి వెయ్యకూడదు. నెట్‌వర్క్ టీమ్ దగ్గర సబ్‌నెట్ లిస్టు రాతలో తీసుకోండి. ఒక్కో సబ్‌నెట్‌కి ఓనర్ ఎవరో రాయించండి. ఓనర్ లేని సబ్‌నెట్‌ని స్కాన్ చెయ్యొద్దు. ప్రింటర్లు, యూపీఎస్‌లు, ఫ్యాక్టరీ, మెడికల్, సీసీటీవీ రేంజ్‌లు ఎక్స్‌క్లూడ్ లిస్టులో ఉండాలి. ఫ్యాక్టరీ వైపు లెక్క కావాలంటే స్విచ్ మీద వచ్చే ట్రాఫిక్‌ని విని కనిపెట్టే టూల్స్ వేరే ఉన్నాయి, ఆ టీమ్‌ని అడగండి. మిడ్ సర్వర్ల ఐపీలు, షెడ్యూల్ టైమ్ సెక్యూరిటీ టీమ్‌కి ముందే మెయిల్‌లో ఇవ్వండి. "మా ఐపీని పూర్తిగా వదిలెయ్యండి" అని మాత్రం అడగొద్దు. ఆ టైమ్‌లో, ఆ సబ్‌నెట్ల మీద, ఆ అకౌంట్‌తో వస్తే మాది. వేరే టైమ్‌లో వస్తే మాది కాదు, పట్టుకోండి అని చెప్పండి. రేపు ఎవడైనా ఆ అకౌంట్ దొంగిలిస్తే, పట్టుబడేది వాడు, నువ్వు కాదు.

ఎర్రగా ఉన్న ఎర్రర్లన్నీ ఒకటి కాదని కూడా మేనేజర్‌కి చెప్పండి. ఐపీ పలకలేదు అంటే మెషిన్ లేకపోవచ్చు, ఫైర్‌వాల్ కావచ్చు. పోర్ట్ తెరిచి ఉండి లాగిన్ కాలేదంటే క్రెడెన్షియల్. లాగిన్ అయి డేటా రాలేదంటే హక్కులు తక్కువో, టైమౌటో. డబ్ల్యూఎంఐకి 135 ఒక్కటే తెరిస్తే సరిపోదు, పైన డైనమిక్ పోర్టులు కూడా కావాలి. ఇవి విడివిడిగా చూపించండి. అన్నీ కలిపి "యాక్సెస్ ఇష్యూ" అని రాస్తే, దానికి మందు డొమైన్ అడ్మినే అని అందరికీ అనిపిస్తుంది. మనకీ అనిపిస్తుంది. ఆ మెయిల్ పుట్టేది అక్కడే.

మూడోది చెప్తే చాలామందికి కోపం వస్తుంది. జాబ్ సపోర్ట్.

రెజ్యూమెలో ఎనిమిదేళ్ళ డిస్కవరీ అని ఉంటుంది. చేసింది రెండు వారాల వీడియో కోర్సు. రాత్రి తొమ్మిదికి అక్కడి నుంచి ఒకాయన స్క్రీన్ షేర్‌లోకి వస్తాడు, నెలకింత అని. మన క్లయింట్ క్రెడెన్షియల్ టేబుల్, ఐపీ రేంజ్‌లు, సర్వర్ పేర్లు, ఏ సర్వర్ ఏ డేటాబేస్‌తో మాట్లాడుతుందో ఆ మ్యాప్ మొత్తం ఆయన స్క్రీన్ మీద. డిస్కవరీ డేటా అంటే ఆ కంపెనీ ఇంటి ప్లాన్ అని ఎప్పుడైనా అనుకున్నామా? దొంగ ఆరు నెలలు కష్టపడి గీసుకునే ప్లాన్ మనం గంటకింత అని పంచుతున్నాం. ఆయన మంచివాడే కావచ్చు. నాకూ ఒకప్పుడు అలాంటి ఆయన ఒకరు సాయం చేశారు, కాదనను. కానీ ఆయన ల్యాప్‌టాప్‌లో ఏముందో నీకు తెలుసా? రేపు ఏదైనా లీకైతే ఆడిట్ లాగ్‌లో ఉండేది నీ పేరు.

2020 డిసెంబర్లో సోలార్‌విండ్స్ ఓరియన్ సంగతి బయటపడింది. అది కూడా మన టూల్స్ లాంటిదే, నెట్‌వర్క్ అంతా చూసే టూల్. దాని అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ దూర్చారు. ఆ అప్‌డేట్ 18,000 మంది కస్టమర్ల దాకా వెళ్ళింది, అందులో అమెరికా ప్రభుత్వ శాఖలూ ఉన్నాయి. అటాకర్లు దాన్ని ఎందుకు ఎంచుకున్నారో కష్టపడి ఆలోచించక్కర్లేదు. అన్నింటినీ చూసే టూల్, అన్నింటి తాళాలూ ఉన్న టూల్. మనం రోజూ కూర్చునేది అలాంటి కుర్చీలోనే. ఆ కుర్చీలో కూర్చుని తాళాల గుత్తి ఇంకా పెద్దది కావాలని అడుగుతున్నాం.

ఇప్పుడు అసలు మాట. "అన్నా, నీకేం, గ్రీన్ కార్డ్ వచ్చింది, చెప్తావు. నేను వద్దంటే క్లయింట్ ఇంకొకడిని తెచ్చుకుంటాడు" అంటారు.

నాకు గ్రీన్ కార్డ్ రాలేదు. లైన్‌లో ఉన్నా, మీలాగే. వద్దంటే ఏమవుతుందో అన్న భయం నాకు తెలుసు. సౌదీలో ఇఖామా మీద ఉన్న మా బావమరిదికీ తెలుసు, వాడిది ఇంకా ఘోరం. కానీ లెక్క సరిగా వెయ్యండి. వద్దని అన్నందుకు ఉద్యోగం పోయినవాళ్ళని నేను ఇప్పటిదాకా చూడలేదు. రెండు వారాలు ఆలస్యమైందని మొహం మాడ్చుకున్న మేనేజర్లని చూశాను. తీసుకున్నందుకు పోయినవాళ్ళని మాత్రం ముగ్గుర్ని చూశాను, మా తమ్ముడితో కలిపి. సిటిజన్ తప్పు చేస్తే మందలింపు, ఇంకో టీమ్. మనం చేస్తే 60 రోజులు, పిల్లల స్కూలు, కారు లోను, ఇంటి లీజు. దెబ్బ పెద్దది తగిలేవాడు హక్కు తక్కువ తీసుకోవాలి. మన భయమే మనకి చెప్పాల్సిన మాట ఇది. అదే భయంతో మనం తలూపుతున్నాం.

వద్దు అని చెప్పడానికి గొడవ పడక్కర్లేదు. మెయిల్‌లో నాలుగు ముక్కలు రాయండి. ఈ పనికి డొమైన్ అడ్మిన్ అక్కర్లేదు. ఇదిగో కావలసిన తక్కువ హక్కుల లిస్టు. దీనికి ఇన్ని రోజులు పడుతుంది. ఈలోపు ఈ చిన్న సబ్‌నెట్‌తో మొదలుపెడతాను. సెక్యూరిటీ టీమ్‌ని కాపీలో పెట్టండి. నా అనుభవంలో ఆ మెయిల్ చూసి సెక్యూరిటీ వాళ్ళు ఎప్పుడూ నా వైపే నిలబడ్డారు, ఎందుకంటే వాళ్ళు రోజూ కోరుకునేది ఎవరో ఒకరు తక్కువ అడగాలని. ఫోన్‌లో "ముందు వాడేసెయ్, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే, కాల్ అవ్వగానే "మీరు చెప్పినట్టు" అని మెయిల్ పెట్టండి. చాలాసార్లు ఆ మెయిల్ చూడగానే వాళ్ళే మనసు మార్చుకుంటారు.

ఆల్రెడీ డొమైన్ అడ్మిన్ వాడుతున్నవాళ్ళు సోమవారం ఒక్క పని చెయ్యండి. మీ క్రెడెన్షియల్స్ లిస్టు తెరిచి, ఒక్కో అకౌంట్ ఏ గ్రూపుల్లో ఉంది, ఇంకెవరు వాడుతున్నారు అని ఏడీ టీమ్‌ని అడగండి. డొమైన్ అడ్మిన్ కనిపిస్తే మీరే టిక్కెట్ వెయ్యండి, తీసెయ్యమని. ఆ టిక్కెట్ నంబర్ దాచుకోండి. మీ పాత షీట్లో ఆ లైను ఉంటే కొట్టేసి, లోకల్ అడ్మిన్ గ్రూప్ పాలసీ ద్వారా అని రాసి, అదే గ్రూపులో మళ్ళీ పంపండి. పాత షీట్ ఎలా ఊరేగిందో కొత్తదీ అలాగే ఊరేగాలి. నేను నాది ఈ వారం మార్చి, అప్పుడు ఇచ్చిన ఇద్దరికీ పంపాను. ఒకడు థాంక్స్ అన్నాడు. ఇంకొకడు "ఇప్పుడెందుకన్నా ఇవన్నీ" అన్నాడు. వాడికి ఈ పోస్టు.

మా తమ్ముడికి విండోస్, లినక్స్, ఎస్ఎన్ఎంపీ డిస్కవరీ, ప్యాటర్న్‌లు, సర్వీస్ మ్యాపింగ్ బాగా వచ్చు. రెజ్యూమె నిజమైనది. ఇప్పుడు చిన్న సబ్‌నెట్ అంటే ఏంటో కూడా బాగా తెలుసు. ఎక్కడైనా ఓపెనింగ్ ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. హెచ్1బీ ట్రాన్స్‌ఫర్ చెయ్యగలిగేవాళ్ళే. 56 రోజులున్నాయి.